బడి పక్క ఇల్లు

నవంబరు

ప్రియమైన మెర్ల్,

ఎలా ఉన్నావురా? ఆ డొక్కు ట్రైలర్ ఇంట్లో హీటర్ బాగుచేయించావా, లేక ఈ చలికాలం కూడా కోటుతోనే పడుకుంటావా? అమ్మ పోయాక తన గది ఖాళీగానే ఉంది. లైంగిక నేరస్థుల జాబితాలో ఉన్నవాళ్లు బడి దగ్గర్లో కాపురముండకూడదన్న చట్టమే లేకపోతే ఈ పూటే వచ్చేయమందును. మన కంచె అవతలే బడి. ఏం చేస్తాం, మన ఖర్మ.

నీ అక్క,
ఆర్డిత్

జనవరి

ప్రియమైన అక్కకు,

హీటర్ పని ఇంకా కాలేదు. నిన్న షెరీఫ్ ఆఫీసుకెళ్లి జాబితాలో మళ్లీ సంతకం పెట్టొచ్చాను. "ఏం పెద్దాయనా, ఇంకా ఉన్నావా?" అన్నాడు కౌంటర్లో వాడు. "మీరు వదిలితేగా పోయేది" అన్నాను.

అప్పట్లో చిన్నపిల్లయిన పక్కింటి డోరీన్‌కి నేను చేసింది ఘోరం. కాదనను. దానికి జైల్లో మగ్గాను. ఈ జాబితా, ఈ దూరాల లెక్కలు నేను బయటికొచ్చాక పుట్టిన చట్టం. నేరం చేసిననాడు లేని శిక్షని తర్వాత తగిలించడానికి రాజ్యాంగం ఒప్పుకోదని రాష్ట్ర సుప్రీంకోర్టులో నా కేసు వాదిస్తోంది మా లాయరమ్మ. ఇది శిక్షే కాదు, ముందుజాగ్రత్త అంటోంది ప్రభుత్వం. జాగ్రత్తయితే నేనిక్కడ ఇలా గడ్డకట్టుకుపోతున్నానేం? కేసు గెలిస్తే నేరుగా నీ దగ్గరికే. అమ్మ గది ఎవరికీ ఇవ్వకు.

తమ్ముడు,
మెర్ల్

ఏప్రిల్

ప్రియమైన అక్కా,

గెలిచాం! పాత నేరాలకి ఆ చట్టం వర్తించదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. నా పేరు తీసేశారు. టీవీలో చూసే ఉంటావు, మరి ఒక్క ముక్కయినా రాయవేం? ఒంట్లో బాగాలేదా? శనివారం బస్సెక్కుతున్నాను.

నీ మెర్ల్

ఏప్రిల్

మెర్ల్,

ఒంట్లో బాగానే ఉంది. రాయడానికి చెయ్యాడలేదు.

కోర్టు చెప్పింది న్యాయమే. నీకు అన్యాయం జరిగింది, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. కానీ మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పిల్లలు మన పెరట్లోంచే ఇళ్లకి పరుగెడతారు. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని ఉంటావనుకుంటేనే నా గుండె ఆగిపోతోంది. నువ్వు మారిపోయావేమో. నాకు తెలీదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. డోరీన్ ఈ ఊళ్లోనే ఉంది. కొట్లో ఎదురుపడితే నేనే తలదించుకుని పోతాను.

వచ్చేయమందును అని ప్రతి ఉత్తరంలో రాశాను. చట్టం అడ్డుందన్న ధీమాతోనే రాశాను. ఇన్నాళ్లూ నా బదులు అదే నిన్ను వద్దంది. ఇక నేనే అనాలి.

శనివారం బస్సెక్కకు. ఎక్కినా ఈ తలుపు తియ్యను.

ఆర్డిత్