బంపరుకి బిగించిన స్టెప్నీ

చెల్లీ లోర్నా,
ప్రయాణంలో నేనూ మీ వదినా క్షేమం, కంగారుపడకు. బయల్దేరే ముందు, పికప్‌కి తగిలించే ట్రైలరు వెనక బంపరుకి స్టెప్నీ బిగిస్తుంటే వెర్లిన్ బావ ఏమన్నాడు? "ఆ రేకు మొయ్యదు బావా, పికప్‌లో పడెయ్!" "నువ్వు నీ కోళ్ల సంగతి చూసుకో" అన్నాను, ఆ మాటే చర్చి విందులో చెప్పి అందరినీ నవ్వించాను.

నిన్న గతుకుల్లో బంపరు విరిగి, టైరుతో సహా రోడ్డు మీద పడింది. వెనక పిల్లలతో వస్తున్న కారు తప్పించుకోబోయి పక్క గుంటలోకి దిగింది. ఎవరికీ దెబ్బల్లేవు. ఆ పిల్లల తల్లే టైరు దొర్లించుకొచ్చి ఇచ్చింది. తలెత్తలేకపోయాను.

స్టెప్నీ ఇప్పుడు పికప్‌లోనే ఉంది. మా టొమాటోలకు నీళ్లు పోస్తున్నావా? పిల్లలకు దీవెనలు.

కవరు ఉన్నా కార్డే రాశాను. మన ఊరి పోస్టాఫీసులో డోరీన్ చదివి ఊరంతా చెబుతుంది. చెప్పనీ. బావను చూసి నవ్వింది కూడా ఊరంతా కదా.

మీ అన్న,
ఆర్లో