గీత అవతల నీ చెయ్యి

ఏమయ్యా, ఎట్లున్నావు?

నేను సుగుణను. నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్ననే ఏడాది మాసికం పెట్టాము. నీకిష్టమని బోటి కూర వండి విస్తరిలో పెడితే కాకి వెంటనే వచ్చి ముట్టింది. ఆకలికి ఆగే అలవాటు నీకెప్పుడుంది కనుక...

నేను బాగానే ఉన్నాను. మోకాళ్లు తప్ప. మన మట్టెవాడలో నల్లా నీళ్లు ఇప్పటికీ పొద్దున ఒక్కసారే వస్తున్నాయి. సాంచెల షెడ్డులో, ఆ మరమగ్గాల రొదలోనే, నూలు కండెలు చుట్టే పని మానలేదు. నీ సాంచెను ఇప్పుడు ఎవరో నర్సంపేట నుంచి వచ్చినతను నడుపుతున్నాడు. అటువైపు చూడకుండా పని చేసుకోవడం ఇంకా చేతకావడం లేదు.

వాడకట్టు మాత్రం మూగబోయింది. నువ్వు "సుగుణా, జర మంచినీళ్లు తే" అంటే పక్కింటావిడ కూడా చెంబు అందుకునేది గుర్తుందా? కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మనం రోజూ కొట్లాడుకుంటున్నామని అనుకునేవాళ్లు. నేను గొంతు తగ్గించమంటే, "పొద్దంత సాంచెల నడుమ ఉన్నోనికి మెల్లగ మాట్లాడుడు యాడొస్తదే" అని ఇంకా గట్టిగా అరిచేవాడివి.

అందుకే ఇన్నేళ్లూ నేను ఒకటే అనుకున్నాను. ఇంట్లోనే ఇంత గొంతు చేసే మనిషి, ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో గీత పక్కన కోచ్‌గా నిలబడి మన షెడ్ల పోరగాళ్ల ప్రాణం ఎంత తీస్తున్నాడో అని. పాపం వాళ్ల చెవులు అనుకునేదాన్ని.

నన్ను ఒక్కసారైనా తీసుకుపోయావా? అడిగినప్పుడల్లా "గ్రౌండ్ల నీకేం పనే, ఎండకు నల్లగయితవు" అని నవ్వేవాడివి. ఇప్పుడు నీకు తెలియకుండా పోయి వచ్చాను. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

నీ తర్వాత టీమ్‌ను సారయ్య చూసుకుంటున్నాడు. మంచివాడే, నీ పక్క సాంచె నడిపినవాడే. కానీ ఆమధ్య హోటల్ దగ్గర టీవీ పెట్టారు. అందులో ఎక్కడో దూరదేశపు ఆట చూపించారట. కోటు వేసుకున్న కోచ్ ఒకడు గీత అవతల గంతులేస్తూ, చేతులు విసురుతూ, అరుస్తూనే ఉన్నాడట. కోచ్ అంటే అట్లా ఉండాలని సారయ్య తలకెక్కింది. వాడు గంతులేస్తే లోపల ఆడేవాళ్ల కాళ్లకు బలమొస్తుందా, బంతి వాళ్ల కాళ్ల దగ్గరుంటే బయటివాడి గంతులతో ఏం పని అని హోటల్ దగ్గర రోజూ పంచాయితీయే. టీ చల్లారేది కానీ పంచాయితీ తెగేది కాదు.

టీమ్ మాత్రం వరుసగా ఓడిపోయింది. ఒక్కొక్కడే ప్రాక్టీసుకు రావడం మానేశాడు. మన షెడ్ల సేటు సంగతి నీకు తెలుసు కదా, మ్యాచ్ ఉన్న రోజు పోరగాళ్లను మధ్యాహ్నమే షిఫ్టు నుంచి వదిలేది నీ మొహం చూసి. ఆ మొహం ఇప్పుడు లేదాయె... కాజీపేటవాళ్లతో ఆడే మ్యాచ్ ఒక్కటి చూస్తానని, అందులో కూడా ఓడితే ఇక ఎవరినీ వదిలేది లేదని చెప్పేశాడు. షిఫ్టు వదలకపోతే టీమ్ ఎక్కడిది?

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మనకు పిల్లలు లేరు. నీ పేరు చెప్పుకోవడానికి ఆ పదకొండు మందే ఉన్నారు. వాళ్లు ఇప్పటికీ మల్లేశన్న టీమ్ అనే అంటారు. అది కూడా పోతే నీ పేరు పలికేది నేనొక్కదాన్నే అవుతాను. అది తలుచుకుంటే నువ్వు పోయిన రోజు కంటే ఎక్కువ భయమేసింది నాకు.

మ్యాచ్ నాడు సారయ్యే వచ్చి రమ్మన్నాడు. ఊరికే వచ్చి కూర్చో వదినె, మాకు ధైర్యంగా ఉంటుంది అన్నాడు. ఆడమనిషి, అందులోనూ బొట్టు లేని మనిషి, గ్రౌండ్‌కు పోతే నలుగురూ ఏమంటారోనని ఒక నిమిషం ఆగాను. తర్వాత నీ తువ్వాల భుజాన వేసుకుని బయల్దేరాను. అనేవాళ్లు అననీ.

గీత పక్కన ఒక స్టూలు వేశారు నాకు.

మొదటి సగం చూశాను. నాకు ఆట తెలియదు. కానీ ఒకటి కనిపించింది. సారయ్య అరిచినప్పుడల్లా మనవాళ్ల తలలు ఇటు తిరుగుతున్నాయి. తల తిరిగినప్పుడల్లా బంతి పోతోంది. పాపం సారయ్య గొంతు బొంగురుపోయింది. వాళ్లు గోల్ కొట్టారు, మనం కొట్టలేదు.

విరామంలో గోలు కాచే గోలీ యాకయ్య నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మీ మల్లేశన్న ఉంటే ఇంకెంత అరిచేవాడో అన్నాను. వాడు నా మొహం వింతగా చూశాడు. అన్న గ్రౌండ్‌లో ఏనాడూ నోరు తెరవలేదట. ఎండైనా వానైనా తువ్వాల భుజాన వేసుకుని అట్లానే నిలబడేవాడట. షెడ్డులో లాగే అన్నీ చేతితోనే చెప్పేవాడట.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నువ్వా? నోరు మూసుకుని నిలబడ్డావా? మంచినీళ్లకు వాడకట్టును లేపే మనిషివి... ఇన్నేళ్లు నీ పక్కన పడుకున్నా నాకు తెలియని మనిషి ఒకడు నీలో ఉన్నాడా?

తర్వాత నెమ్మదిగా అర్థమైంది. షెడ్డులో సాంచెలన్నీ నడుస్తుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. కండెలు అయిపోయాయని, టీ వచ్చిందని, సేటు వస్తున్నాడని. ఎక్కడైనా పోగు తెగితే చెయ్యి పైకెత్తి పిడికిలి బిగిస్తాం. సాంచె ఆపు అని దాని అర్థం. ఆ చెయ్యి కనపడితే, అటూ ఇటూ ఉరికే నాడె దగ్గర ఉన్నవాడు ఆలోచించడు, ముందు ఆపుతాడు. ఆలస్యమైతే వేళ్లు పోతాయి మరి. మన టీమ్‌లో అందరూ ఆ షెడ్లలో పనిచేసేవాళ్లే. ఆ భాషనే నువ్వు గ్రౌండ్‌కు మోసుకొచ్చావు.

రెండో సగం మొదలైంది. మన రవి ఉన్నాడు కదా, కొస మీద ఉరికేవాడు, వాణ్ణి ఎవడో అడ్డంగా తన్నితే మోకాలు చీరుకుపోయింది. రక్తం కారుతూనే ఉంది. అయినా ఉరుకుతున్నాడు. సారయ్య ఉరుకు, ఉరుకు అని అరుస్తున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎట్లా లేచానో తెలియదు. ఆ పిల్లవాణ్ణి ఎవరైనా ఆపండి అనుకున్నానంతే... నా చెయ్యి పైకి లేచింది. పిడికిలి బిగుసుకుంది.

షెడ్డులో అలవాటైన చెయ్యి అది. గ్రౌండ్‌లో ఉన్నానని దానికేం తెలుసు?

ఏమయ్యా, ఎట్లా చెప్పను నీకు... అందరూ ఆగిపోయారు. మనవాళ్లు పది మందీ ఉరకడం ఆపి, బంతిని ఒకడి కాలి నుంచి ఇంకొకడి కాలికి వెనక్కి వెనక్కి పంపి యాకయ్య దగ్గరికి చేర్చారు. ఎవరి మొహంలోనూ కంగారు లేదు. కాజీపేటవాళ్లు ఏం జరిగిందో తెలియక నిలబడి చూస్తున్నారు. సారయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

ఆ పది మందీ నావైపు చూశారు. నావైపు కాదు, నా చేతివైపు. ఆట నాశనం చేశాను, నా చేతులారా చేశాను అనుకున్నాను. దించుదామంటే చెయ్యి దిగలేదు.

అప్పుడు నాకు తెలిసిన ఇంకో సైగ గుర్తొచ్చింది. అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించాను. షెడ్డులో నువ్వు కొత్తవాళ్లకు చూపించేవాడివి కదా, జర నిదానంగా నడపమని. వాళ్లు తలలూపారు. మళ్లీ ఆట మొదలైంది.

తర్వాత సారయ్య ఒక్క మాట అరవలేదు. నా పక్కకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల తలలు తిరగడం ఆగిపోయింది. బంతి మనవాళ్ల దగ్గరే ఉంటోంది. చివరికి ఆ రవే, కుంటుకుంటూనే, మూల నుంచి వచ్చిన బంతిని తలతో లోపలికి పంపాడు.

గెలవలేదయ్యా. అబద్ధమెందుకు... చెరొక గోల్‌తో ముగిసింది. కానీ ఓడితే కదా సేటు మాట! ఓడలేదు. సేటు నా భుజం మీది నీ తువ్వాలను కాసేపు చూసి, స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. ఈ ఆదివారం మ్యాచ్‌కు పోరగాళ్లను వదులుతానని నిన్న కబురు చేశాడు.

పిడికిలి బిగిస్తే బంతిని గోలీకి చేర్చి ఊపిరి తీసుకోమని నువ్వు వాళ్లకు నేర్పావట. యాకయ్య తర్వాత చెప్పాడు. నాకేం తెలుసు? నేను సాంచె ఆపమన్నాను, వాళ్లు నీ మాట విన్నారు.

అప్పటి నుంచి అదే ఆలోచన. కోచ్ ఎట్లా నిలబడితే ఆడేవాళ్లు అట్లా అవుతారా? హోటల్ దగ్గర పంచాయితీ ఇంకా తెగలేదు. ఆ పూట ఆడించింది నా చెయ్యా, నీ చెయ్యా? ఎన్నేళ్లు అట్లా నోరు మూసుకుని నిలబడితే పది మంది మనుషులు ఒక్క పిడికిలికి ఆగిపోతారు? ఎట్లా చేశావయ్యా ఇది... షెడ్డులో మాటకు చోటు లేదు, గ్రౌండ్‌లో నువ్వే నోరు మూసుకున్నావు. అంటే రోజంతా మింగిన అరుపులన్నీ ఇంటికే తెచ్చావన్నమాట. నాకే తెచ్చావు. నేనేమో గొంతు తగ్గించు, గొంతు తగ్గించు అని పోరు పెట్టాను.

ఇకమీదట ప్రతి మ్యాచ్‌కు రమ్మన్నాడు సారయ్య. పోతాను. ఎండకు నల్లగయితే కానియ్యి. గ్రౌండ్‌లో నీలాగే ఒక్క మాట మాట్లాడను, నీ మీద ఒట్టు. ఇంటికొచ్చి మాత్రం నీ ఫొటో ముందు నిలబడి, వాడకట్టంతా లేచేటట్టు, జరిగిందంతా అరిచి చెబుతాను. అక్కడ నీకు వినపడకపోతే చెయ్యి చూపించు. నాకు తెలుస్తుంది.

నీ సుగుణ