డెస్మండ్ సారు బాగానే ఉన్నారని తమరు వచ్చి చూడవలసిన సంగతి

శ్రీయుత తహసీల్దార్ గారి సముఖమునకు,
ఝరాసంగం మండలం.

అయ్యా,

విషయం: మా గ్రామంలో నివసిస్తున్న ఐర్లండ్ దేశస్థుడు డెస్మండ్ గారు దీనస్థితిలో లేరని, ఎన్నడూ లేరని ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

నిన్నటి నుంచి ముసురు విడవలేదు. పెసర చేలో గుంటుక తోలే పని ఆగిపోయింది. ఎడ్లను కొట్టంలో కట్టేసి, జొన్నరొట్టె తిని, ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను. నా పేరు చంద్రప్ప. వ్యవసాయం. డెస్మండ్ గారి ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. కాబట్టి కింద రాసినదంతా నేను చూసినదే. కొంత నేను చేసినది కూడా.

1. సదరు డెస్మండ్ గారు చాలా ఏళ్ల కిందట జహీరాబాద్ దగ్గర ఒక కర్మాగారంలో మిషన్లు బిగించే పనికి వచ్చారు. పని అయిపోయినా పోలేదు. రిటైరయ్యాక మా ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. వయసు ఎనభైకి దగ్గర. ఇంట్లో ఫ్రిజ్, టీవీ, వాకిట్లో స్కూటరు ఉన్నాయి. రోజూ సాయంత్రం మా అరుగు మీద బీరమ్మ అనే ముసలామెతో పచ్చీసు ఆడతారు. గవ్వలు సరిగ్గా వేయలేదని ఇద్దరూ గొడవపడతారు. ఆ గొంతులు ఆటోలు ఆగే చోటు దాకా వినబడతాయి. దీనిని ఆయన ఆరోగ్యానికి మొదటి రుజువుగా స్వీకరించ ప్రార్థన.

2. పరాయి దేశాల్లో ఉండిపోయి ముసలివాళ్లయిన ఐర్లండ్ వాళ్ల బాగోగులు చూసే సంఘం ఒకటి వాళ్ల దేశంలో ఉంది. వారానికోసారి ఫోన్లో పలకరిస్తారు. దవాఖానకు తోడు పంపుతారు. నెలకోసారి చాయ్‌పత్తి, బిస్కెట్లు ఉన్న పెట్టె పంపుతారు. డెస్మండ్ గారికి మిగతావి అక్కర్లేదు, చాయ్‌పత్తి కావాలి. మా చాయ్‌లో పాలూ చక్కెరా తప్ప ఏమీ ఉండదని ఆయన పాత ఫిర్యాదు. అందుకని పేరు రాయించుకున్నారు. సంఘం తరఫున చూసి పోవడానికి మోరీన్ మేడం గారు వస్తున్నారని కబురు వచ్చింది.

3. తప్పు ఇక్కడ జరిగింది. ఎవరైనా చూడడానికి వస్తున్నారంటే ఏం చేయాలో మా ఊరందరికీ తెలుసు. టీవీ మీద దుప్పటి కప్పాలి. బండిని చుట్టాల ఇంట్లో పెట్టాలి. నవ్వకూడదు. మా ఊరి నర్సింగ్ వాకిట్లో అతని బావమరిది మోటరు సైకిలు నిలబడి ఉన్నందువల్లే వెనుక ఒక సర్వేలో పేదల జాబితా నుంచి అతని పేరు ఎగిరిపోయిందని అతని నమ్మకం. అతడే డెస్మండ్ గారికి చెప్పాడు.

“సారూ, నువ్వు గిట్ల కుర్చీల కాలు మీద కాలేసుకొని కూసుంటే చాయ్‌పత్తి గాదు, ఖాళీ డబ్బ గూడ రాదు.”

ఇన్నేళ్లుగా ఇక్కడ ఉన్న మనిషి కనుక ఆయనా నమ్మారు.

4. ఫ్రిజ్‌ను మోయడం కష్టం, మనిషిని మార్చడం సులువు. కాబట్టి డెస్మండ్ గారినే ఊరి చివర ఉన్న బీరమ్మ ఇంటికి మార్చాము. బీరమ్మకు ఎవరూ లేరు. ఆమె ఇంటి రేకులు ఎండను, వానను రెంటినీ లోపలికి రానిస్తాయి. నులక తెగిన మంచం, చిరిగిన గొంగడి, సొట్టల గిన్నె అన్నీ ఆమెవే. మేము కొత్తగా ఏదీ చింపవలసిన పని పడలేదు. ఆ పూటకు బీరమ్మను డెస్మండ్ గారి ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టాము. సాయంత్రం ఆమెను లేపడం కష్టమైంది.

5. మేడం గారు మాతో మాట్లాడడానికి అక్షత అనే అమ్మాయిని వెంట తెచ్చుకున్నారు. అప్పుడే మృగశిర మొదటి వాన మొదలై గిన్నెలో చుక్కలు పడసాగాయి. డెస్మండ్ గారు గొంగడి కప్పుకొని మూలగవలసి ఉండగా నవ్వు ఆపుకోలేక మంచమంతా ఊగేలా కదిలారు. చలిజ్వరమని నర్సింగ్ చెప్పాడు. మేడం గారు కళ్లు తుడుచుకున్నారు. నర్సింగ్ నావైపు తిరిగి, పెట్టెలు రెండు వస్తాయన్నట్టు వేళ్లు చూపాడు.

6. పెట్టె రాలేదు. డెస్మండ్ గారిని మొదట హైదరాబాద్‌లోని ఒక వృద్ధాశ్రమానికి, అక్కడి నుంచి ఐర్లండ్‌కు తరలించాలని నిర్ణయించినట్టు కబురు వచ్చింది. గురువారం కారు వస్తుంది. మేము సంఘానికి ఫోన్ చేసి నిజం చెప్పాము. నింద పడుతుందని పొరుగువాళ్లు భయపడుతున్నారని రాసుకున్నారట. ఫ్రిజ్‌కూ స్కూటరుకూ మధ్య డెస్మండ్ గారిని నిలబెట్టి ఫోటో పంపాము. ఆయన కోసం మీ సామాను ఇచ్చినందుకు కృతజ్ఞతలు అని జవాబు వచ్చింది. చివరికి ఆయనే ఫోన్ చేసి అదంతా నాటకమన్నారు. ఇంత కష్టంలోనూ ఊరివాళ్లను కాపాడుతున్న మంచి మనిషి అని మెచ్చుకున్నారట. ఇక అధికారి చూసి సంతకం పెడితే తప్ప నమ్మరు.

7. నిన్న సాయంత్రం పచ్చీసులో బీరమ్మ గెలిచింది. డెస్మండ్ గారు గొడవపడలేదు. ఆమెకు కోపం వచ్చి గవ్వలు కొంగున కట్టుకొని లేచిపోయింది. తర్వాత ఆయన నన్ను అడిగారు.

“ఆడ నాకు ఎవలు ఎరుక? ఎవలతోని లొల్లి పెట్టుకోవాలె, చంద్రప్పా?”

ఈ అర్జీ అందుకే.

కావున తమరు గురువారం లోపల వచ్చి, ఆయన స్కూటరు నడపడం, రొట్టె తినడం, గొడవపడడం స్వయంగా చూసి ధ్రువపత్రం ఇప్పించగలరు. తమరు వస్తున్నారని మేము ఏదీ దాచము. భోజనం మా ఇంట్లోనే.

ఈ మనవి తమరి చిత్తమునకు రావలెనని వేడుకుంటూ,

తమ విధేయుడు,
చంద్రప్ప

మళ్లీ రాయునది: వాగు వచ్చి ఆటోలు ఆగిపోయినందున ఈ అర్జీ తమరికి అందలేదు. ఈ రోజు గురువారం. వాగు కొంచెం తగ్గడంతో కారు వచ్చింది. డెస్మండ్ గారు స్కూటరు తాళం పట్టుకొని వాకిట్లో నిలబడ్డారు. ఆయనకంటే ముందు బీరమ్మ మూటతో వచ్చి కారు వెనుక సీటులో కూర్చుంది. ఈమె ఎవరని మేడం గారు అడిగారు.

“జర మేడంకు జెప్పు బిడ్డా,” అని బీరమ్మ అక్షతతో అన్నది. “ఆ ఇల్లు నాది. మంచం నాది, గొంగడి నాది. ఆమె ఏడ్సింది నా కష్టానికే. గీ పెద్దమనిషి ఊకె పండుకున్నడు. నేను పోత.”

మేడం గారు వెళ్లి బీరమ్మ ఇల్లు చూసి వచ్చారు. డెస్మండ్ గారి ఇల్లు కూడా చూశారు. ఫ్రిజ్ తెరిచారు. తర్వాత మెట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు, చాలాసేపు ఆపలేదు. అధికారులు చూడడానికి వస్తే మేడం గారి నాయనమ్మ కూడా ఆవును పక్కవాళ్ల కొట్టంలో కట్టేసేదని అక్షత మాకు తెలుగులో చెప్పింది. బీరమ్మను వానాకాలం పోయేదాకా ఆశ్రమంలో ఉంచడానికి ఒప్పుకున్నారు.

“మరి నాతోని పచ్చీసు ఎవలు ఆడాలె?” అన్నారు డెస్మండ్ గారు.

“వానలు పోనీ, అస్త. అందాక తొండి లేకుండ ఆడుడు నేర్సుకో.”

కాబట్టి పైన కోరిన ధ్రువపత్రం అక్కర్లేదు. దానికి బదులు బీరమ్మ తిరిగి వచ్చేలోపల ఆమె ఇంటి రేకులు మార్పించ ప్రార్థన. సర్వేలో నర్సింగ్ పేరు పోయిన సంగతి వేరే అర్జీలో రాస్తాను.

పది గంటలకు వాన తెరిపి ఇచ్చింది. మోరీన్ మేడం, అక్షత, బీరమ్మ అప్పుడే వెళ్లారు. గవ్వలు బీరమ్మ కొంగున వెళ్లాయి.