ఏడవ పొట్టి సంతకం తొలగించుట గురించి

గౌరవనీయులు శ్రీ అదోల్ఫో బెలార్మినో గారి సముఖమునకు,
డెప్యూటీ అడ్మినిస్ట్రేటర్, ఆర్థిక నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఎంపిక సంఘం అధ్యక్షులు,
ద్వీపాల సహాయ సరఫరా సంస్థ, ప్రధాన కార్యాలయం, కెసోన్ సిటీ.

అయ్యా,

విషయం: కొనబోవు రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టుగానే కొనవలెననియు, అందులో పదకొండు పొట్టి సంతకాలను ఇరికించరాదనియు, మొట్టమొదట నా సంతకమునే తీసివేయవలెననియు విన్నపము.

చెల్లింపుల పరిశీలన విభాగాధిపతి క్రిసాంతో లగాస్కా అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మన సంస్థలో ఏ చెల్లింపు కాగితమైనను పైవారి పూర్తి సంతకానికి వెళ్ళుటకు ముందు పదకొండు బల్లల మీద ఆగి, పై మూలలో పదకొండు పొట్టి సంతకాలు వేయించుకొనుట ఆచారమై యున్నది. వాటిలో ఏడవది నాది. ఇవన్నీ ఒక్కసారిగా పుట్టినవి కావు. చేపల డబ్బాలు మాయమైన సంవత్సరం తొమ్మిదవది పుట్టింది. టార్పాలిన్ల గొడవ తర్వాత పదవది వచ్చి చేరింది. దొంగలు పోయారు, కేసులు కొట్టేశారు, సంతకాలు మాత్రం మిగిలాయి. పుట్టిన సంతకం పోయినట్టు మన సంస్థ చరిత్రలో ఎక్కడా లేదు.

2. శుక్రవారం సంఘం ఎదుటకు రాబోవు ప్రతిపాదనలు రెండు. రెండింటిలోనూ కంపెనీ ఒకటే, సాఫ్ట్‌వేరూ ఒకటే. మొదటిది దాన్ని ఉన్నట్టుగా తీసుకొనుట. అందులో డబ్బు కావాలని అడిగేవారు ఒకరు, నిధులున్నాయో లేవో చూసేవారు ఒకరు, మంజూరు చేసేవారు ఒకరు. అంతటితో సరి. తర్వాత తప్పులు పట్టడానికి ఆడిట్ వారు ఎలాగూ ఉన్నారు. రెండవది అదే సాఫ్ట్‌వేర్‌ను కోసి, మన పదకొండు బల్లలూ పట్టేలా మళ్ళీ కుట్టించుట. రెడీమేడ్ చొక్కా కొని దానికి పదకొండు జేబులు పెట్టమని దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళడం లాంటిదిది. కంపెనీ కొత్త వెర్షన్ పంపినప్పుడల్లా ఆ జేబులన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి. కొన్నేళ్ళలో దర్జీ కూలి చొక్కా ధరను దాటిపోతుందని తమ సంఘపు నివేదికలోనే, ఎవరూ తిప్పని చివరి పేజీల్లో రాసి ఉంది. అయినను సభ్యుల్లో ఎక్కువమంది రెండవదాని వైపే మొగ్గుచున్నారు. వారందరికీ ఆ పదకొండు సంతకాల్లో తలా ఒకటి ఉన్న సంగతి తమకు నేను చెప్పనక్కరలేదు.

3. గత వారం రెండవ ప్రతిపాదన ప్రకారం నమూనా పరీక్ష జరిగినది. తుపాను వచ్చినట్టు, ఒక ద్వీపానికి బియ్యం, నీళ్ళు తీసుకుపోయే పడవవాళ్ళకు డీజిల్ అడ్వాన్సు ఇవ్వవలసినట్టు అనుకొని ఉదయమే కంప్యూటరులో అభ్యర్థన పెట్టితిమి. నాలుగవ సంతకందారు శ్రీమతి పెర్పెత్వా మగ్సినో గారు ఆనాడు ఒక బిడ్డ బాప్తిస్మంలో ధర్మతల్లిగా నిలబడటానికి బతాంగస్ వెళ్ళియున్నారు. నాలుగవ బల్ల పక్కన తెర మీద పసుపు చుక్క వెలిగింది. మధ్యాహ్నం చూసినా అదే చుక్క. సాయంత్రం ఫలహారానికి పాన్సిత్ నూడుల్స్ వచ్చాయి, అందరం తిన్నాం, చుక్క కదలలేదు. కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు మిస్ లక్సమానాను పిలిచి అడిగాను.

"ఏంటమ్మా ఇది, చెడిపోయిందా?"

"లేద్సార్, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మేడమ్ కోసం ఎదురుచూస్తోంది."

"ఎంతసేపు చూస్తుంది?"

"మీరెంతసేపు చూడమంటే అంతసేపు సార్. దానికి విసుగు రాదుగా."

పరీక్ష విజయవంతమైనట్టు ఆ సాయంత్రమే నివేదికలో రాసుకొన్నారు. సాఫ్ట్‌వేర్ వరకు అది నిజమే. పడవ మాత్రం లెక్క ప్రకారం రేవులోనే ఉంది.

4. కాగితాల కాలంలో ఈ కష్టం ఇంతగా తెలియలేదు. కారణం ఫైలును చేత్తో మోసుకెళ్ళి సంతకం పెట్టించే మన ఆచారం. తొందరపని వస్తే మా విభాగపు జోసీ ఫైలు చంకన పెట్టుకొని జీప్నీ ఎక్కేది. చర్చి మెట్ల మీద సంతకం పెట్టించింది. క్షవరశాలలో, ముఖానికి సబ్బు నురగ ఉండగానే పెట్టించింది. ఒకసారి ఆసుపత్రి మంచం దగ్గర, నర్సు తిడుతూ ఉండగా పెట్టించింది. ఇన్నాళ్ళూ మన సంస్థ నడిచింది నియమాల వల్ల కాదు, జోసీ కాళ్ళ వల్ల. కంప్యూటరులో ఎవరి పాస్‌వర్డ్ వారిది. చంకన పెట్టుకొని పరిగెత్తడానికి అందులో ఏమీ ఉండదు. కాబట్టి పదకొండు సంతకాలు కాగితం మీద కంటే కంప్యూటరులోనే ఎక్కువ ఆలస్యమవుతాయి.

ఈ మాటే సమావేశంలో చెప్పితిని. తొమ్మిదవ సంతకందారు శ్రీ హెర్మొహెనెస్ పాగ్‌సుయోయిన్ గారు వెంటనే పరిష్కారం సెలవిచ్చారు.

"దానిదేముందన్నా? అందరి పాస్‌వర్డులూ జోసీకి ఇచ్చేద్దాం. పదకొండూ తనే నొక్కేస్తుంది."

సభ్యులు తలలూపారు. గోడవారన నిలబడి నివేదికల ప్రతులు పంచుతున్న జోసీ నెమ్మదిగా అంది: "అలాగే సార్. పదకొండు జీతాలు కూడా నాకే ఇస్తారా మరి?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

5. నవ్వలేకపోవుటకు కారణం వ్యక్తిగతమగుటచే వేరు అంశముగా పొందుపరచడమైనది. మా అమ్మాయి మారివిక్ కలింగాయ్ ద్వీపంలో ప్రభుత్వ మంత్రసాని. పోయిన నవంబరు తుపానుకు ఆ ద్వీపంలో బావులన్నీ ఉప్పునీళ్ళయ్యాయి. ఇవతలి రేవులో బియ్యం, నీళ్ళు, మందులు పడవల్లోకి ఎక్కించి సిద్ధంగా ఉన్నాయి. డీజిల్ అడ్వాన్సు చేతికి రానిదే కదలమని పడవవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, ఖాళీ ట్యాంకుతో సముద్రం మీదికి ఎవరు పోతారు? కాగితం పైఅంతస్తుల్లో తిరుగుతోంది. జీప్నీలు కూడా నడవని ఆ వానలో జోసీ ఎక్కడికని పరిగెత్తగలదు?

ఆ రోజుల్లోనే అక్కడొక కాన్పు వచ్చింది. కాచడానికి మంచినీళ్ళు లేక మా అమ్మాయి కొబ్బరిబోండాలు కొట్టించి ఆ నీళ్ళతో చేతులు కడుక్కుంది. బిడ్డ బతికింది. తల్లికి జ్వరం పట్టుకుంది. మందులున్న పడవ రేవు దాటేలోపే ఆమె పోయింది. ఆమె పేరు లువాల్‌హాతి. ఏ నివేదికలోనూ రాలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత విచారణ జరిగింది. కాగితం ఏ బల్ల మీద ఎంతసేపు ఉందో చూశారు. అందరం తలా ఒక పూట, నియమం ప్రకారమే ఉంచుకొన్నాం. ఎవరి తప్పూ లేదని తేల్చి ఫైలు మూసేశారు. అయ్యా, ఎవరి తప్పూ లేకుండానే ఒక మనిషి పోయింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

6. నా సంతకం తీసేయమని అర్జీ పెడతానని చెప్పిన నాటినుండి భోజనాల గదిలో నా బల్ల ఖాళీగా ఉంటున్నది. నిన్న హెర్మొహెనెస్ గారు మాత్రం తన అదోబో మాంసం కూర గిన్నె తెచ్చుకొని ఎదురుగా కూర్చున్నారు.

"ఇనీషియల్ పోతే నీ సెక్షన్ పోతుంది. సెక్షన్ పోతే నీ కుర్చీ పోతుంది. రిటైరయ్యే ముందు నీకిదేం పిచ్చన్నా?"

"పోతే పోనీ."

"నీదొక్కటి తీసి ఊరుకుంటారా? రేపు నాది, ఎల్లుండి పెర్పెత్వా మేడమ్‌ది. మా పిల్లాడింకా కాలేజీలోనే ఉన్నాడు తెలుసా?"

ఆయన చెడ్డవాడు కాదు. తన గిన్నెలోంచి ఒక ముక్క తీసి నా పళ్ళెంలో వేసి వెళ్ళిపోయారు. నాకు భయం లేదని ఇక్కడ రాస్తే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. భయంగానే ఉంది. కుర్చీ పోతే ఇంటి అప్పు ఎలా తీరుతుందో తెలియడం లేదు. కానీ ఆ పసుపు చుక్క నా బల్ల పక్కన వెలిగి, అవతల మా అమ్మాయి సముద్రం వైపు చూస్తూ నిలబడటం తలుచుకొంటే, ఆ భయం ముందు ఈ భయం చాలా చిన్నది.

కావున తాము దయచేసి:

(అ) సాఫ్ట్‌వేర్‌ను కోయక, కుట్టక, మొదటి ప్రతిపాదన ప్రకారమే కొనవలెను;

(ఆ) అందరి సంతకాలు ఒక్కసారిగా తీయుట సాధ్యపడనిచో కనీసం నాది తీసి చూడవలెను. ఒక బల్ల లేకపోయినంత మాత్రాన సంస్థ కూలిపోదని అందరూ కళ్ళారా చూస్తారు;

(ఇ) మా విభాగంవారికి వేరేచోట పని చూపవలెను. నాకు చూపకపోయినను జోసీకి తప్పక చూపవలెను.

తుపానుల కాలం దగ్గరపడింది. తాము శుక్రవారం చెయ్యి ఎత్తకముందే ఈ సంగతులన్నియు చిత్తగించవలెను.

ఇంకను ఏడవ బల్ల దగ్గరనే ఉన్న
తమ విధేయుడు,
క్రిసాంతో లగాస్కా

తా.క.: నియమం ప్రకారం ఈ అర్జీ కూడా పదకొండు బల్లలూ దాటి తమను చేరవలెను. సోమవారమే పంపాను. అసలు ప్రతి ఇప్పుడు నాలుగవ బల్ల మీద ఉంది. ఇది నకలు. నేనే చంకన పెట్టుకొని వచ్చి మీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను సార్. పై మూల ఖాళీగా ఉందని, ఒక్క ఇనీషియల్ అయినా లేకపోతే లోపలికి పంపనని మీ కార్యదర్శి అన్నారు. అందుకని నాదే వేశాను. అంతకన్నా దారి కనబడలేదు.

ఇప్పుడే మారివిక్ నుంచి మెసేజ్ వచ్చింది. "నాన్నా, ఈసారి నీళ్ళ డ్రమ్ములు ఎక్కువ కొనిపెట్టుకోమంటావా?" అని అడిగింది. శుక్రవారం సాయంత్రం చెప్తానన్నాను.