నా ఒక్క ఫోన్‌కే

మంగళవారం రాత్రి

ఈరోజూ అమ్మకానికి మంగళగిరి చీరలు చూపిస్తుంటే ఫోన్‌లో లైవ్ ఆగిపోయింది. వారం నుంచీ ఇదే గోల. రోజూ మా ఆయనే రౌటర్ ఆపి, మళ్లీ వేసి, నాతో కలిసి తనూ నెట్ కంపెనీవాళ్లను తిట్టేవారు. "ఎందుకే ఈ తిప్పలు, మానెయ్యరాదూ" అనేవారు. నా మీద జాలి అనుకున్నాను.

సాయంత్రం ఆయన బయటికెళ్లాక టెక్నీషియన్ వచ్చి రౌటర్ సెట్టింగులు చూశాడు. "లైన్ బానే ఉందండీ. మీ ఫోన్ ఒక్కదానికే స్పీడ్ తగ్గించి పెట్టారు" అన్నాడు.

ఆ సెట్టింగుల జోలికి ఇంట్లో ఆయన తప్ప ఎవరూ వెళ్లరు.

"తీసెయ్యమంటారా మేడమ్?"

వద్దన్నాను.

మానెయ్యమని గట్టిగా అడిగుంటే పోట్లాడేదాన్ని. అంతే కదా...

హాల్లో ఆయన అదే నెట్‌లో క్రికెట్ చూస్తున్నారు, ఎక్కడా ఆగకుండా. రేపు నా లైవ్ ఆగగానే మళ్లీ రౌటర్ దగ్గరికి పరిగెత్తుతారుగా. అప్పుడు ఆయన ముఖం చూడాలి.