ఆవాలు మొలిచిన రైక

జూన్ 3, మంగళవారం

కొత్త మనిషి వచ్చింది. చెన్నమ్మ, తిమ్మాజిపేట. పక్కింటి సుజాత పంపిందట. దవాఖానలో నర్సు కదా, ఏ ఆడమనిషి చిక్కయినా చివరికి నా కుట్టుమిషన్ దగ్గరికే తోలుతుంది. కొంగు నిండా కప్పుకుని గడప దగ్గరే నిలబడింది. తలగుడ్డ కింద ఇప్పుడిప్పుడే వస్తున్న పొట్టి జుట్టు.

"కుడి దిక్కు తీసేసిన్రక్కా" — కూర్చోకముందే చెప్పేసింది. "క్యాన్సర్. సూదులు గూడ అయిపోయినయ్. ఇంక గోలీలే."

జాకెట్లో పాత తువ్వాల ముక్క కుక్కుకుని తిరుగుతోంది. మొన్న నారుమడి దగ్గర వంగితే అది జారి బురదలో పడిందట. నాట్లేసే ఆడవాళ్ల గుంపుకు ఈమే పెద్ద. అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు.

"నవ్వినా బాగుండు" అంది.

అప్పటినుంచి ఇల్లు కదల్లేదు. నాట్లు మొదలయ్యేలోగా పోకపోతే గుంపు ఇంకొకరి వెనక నడుస్తుంది. ఇన్నేళ్లూ ముందు నడిచిన మనిషి... నాకే కష్టంగా ఉంది.

జూన్ 4

దూది పెట్టి కుట్టాను. తేలిపోయింది. ఎడమవైపు బరువు, కుడివైపు గాలి. భుజం గుంజుతోందట. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను, బరువు కూడా కొలవాలని ఏనాడూ తట్టలేదు.

జూన్ 7

స్పాంజి. చెమట. వద్దు.

జూన్ 8, ఆదివారం

పోపు వేస్తుంటే దొరికింది! ఆవాలు. నున్నగా, బరువుగా, ఎటు వంగితే అటు సర్దుకుంటాయి. డబ్బా మొత్తం గుడ్డసంచిలో పోసి నాలుగు వైపులా కుట్టేశాను. పైగుడ్డ మా గద్వాల నూలు, అమ్మ చీరలో మిగిలిన ముక్క. ఒంటికి గుచ్చుకోదు.

ఆయన అన్నానికి కూర్చుని — "పప్పుల పోపేదే?"

"రైకలకు పోయింది."

ఇంకేం అడక్కుండా తినేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు బుద్ధి వచ్చింది.

జూన్ 10

చెన్నమ్మ వేసుకుంది. ముందు అద్దానికి వీపు పెట్టి నిలబడింది. తర్వాత తిరిగింది. తర్వాత కింద ఏదో పడిపోయినట్టు మూడుసార్లు వంగి లేచింది. కదల్లేదు!

"జర బయట నడిసొస్తక్కా" అని కిరాణా కొట్టు దాకా పోయి వచ్చింది. కొంగు కప్పుకోవడం మర్చిపోయింది. నేను గుర్తు చేయలేదు.

పోయేముందు "ఉతకొచ్చునా?" అంది. శుభ్రంగా ఉతుక్కో, రంగు పోదు అన్నాను.

జూన్ 17

మబ్బు. వాన. ఒక్క బట్టా ఆరడం లేదు. సుజాత వచ్చి హెచ్చరించింది — "కుడి చెయ్యి జాగ్రత్తని నువ్వు గూడ చెప్పక్కా. గాటు పడొద్దు, బరువులు మొయ్యొద్దు. నారు అందియ్యమను, చాలు."

జూన్ 24

చెన్నమ్మ ఫోన్. "రేపొస్తున్నమక్కా." అంతే. గొంతు అదోలా ఉంది.

జూన్ 25, బుధవారం

మొగుడితో వచ్చింది. బాలయ్య. చేతిలో కాగితం పొట్లం. విప్పాడు. నా సంచి... కుట్ల మధ్య నుంచి పచ్చగా మొలకలు!

సిగ్గుతో చచ్చాను.

జరిగింది ఇదీ. ఉతికింది. ఆరేసింది. ఎక్కడ? ఇంట్లో, మూల దండెం మీద, తడి చీర కింద. "రైకనే చీర కింద దాసి ఆరేస్తం, దీన్ని బయటేస్తనా?" అంది. నిజమే, నేనైనా అంతే చేసేదాన్ని. రెండు రోజులైనా ఆరలేదు. మూడో రోజు పొద్దున జాకెట్ తొడుక్కుని, ఆ సంచి లోపల పెట్టుకుని, చేత్తో సర్దుకుంటే... గడ్డలు గడ్డలుగా తగిలిందట.

"గుండె ఆగిపోయిందక్కా. అది సంచి అన్న సంగతే మరిసిన. మళ్లొచ్చిందనుకున్న."

మొగుడి చెయ్యి తీసి దాని మీద పెట్టింది. ఆయన దాన్ని బయటికి లాగి, బ్లేడుతో కుట్టు కోశాడు. చూశాడు. "చేన్ల గూడ ఇంత మంచిగ మొలవయ్ గదనే" అన్నాడట. ఇద్దరూ కూలబడి నవ్వారట, కడుపు నొచ్చేదాకా.

ఆపరేషన్ అయినప్పటినుంచి ఆ మనిషి ఆ వైపు చూడనే లేదని చెన్నమ్మ మొదటిరోజు చెప్పింది. ఇవాళ నా కొట్లో, ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఈసారి మొలవనిది పెట్టు చెల్లె" అన్నాడు.

వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క క్షణం ఆమెకు ఏమై ఉంటుంది... నా తెలివితక్కువతనమే. చెన్నమ్మ చెయ్యి పట్టుకుని తప్పయిందన్నాను. "ఊకో అక్కా" అంది.

జూన్ 26

మగ్గం వర్క్‌కి తెచ్చిన గాజుపూసలు! మిషన్ పక్కనే డబ్బా నిండా పెట్టుకుని పోపుడబ్బా మీద పడ్డాను. నా అంత తెలివైనది జిల్లాలో ఉండదు.

జులై 2

పూసల సంచి తీసుకుపోయింది. ఈసారి జాకెట్ లోపల జేబు, పైన హుక్కులు. బయట ఎండలో ఆరేయమన్నాను.

"చూస్తరు గదక్కా."

"చూడనీ."

జులై 9

నాట్లు మొదలయ్యాయట. చెన్నమ్మ ఫోన్ లేదు. నేను చేయకూడదనుకున్నాను. చేశాను. ఎత్తలేదు.

జులై 14, సోమవారం

ఫోన్! వెనక ఆడవాళ్ల గోల. "గట్టు మీదున్నక్కా!"

పోయింది. నారు అందిస్తోంది. సద్ది తినేటప్పుడు తనే సంచి బయటికి తీసి అందరి మధ్యలో పెట్టిందట — "ఆనాడు జారిపడ్డదాన్ని సూడనట్టు సూసిన్రు గద, ఇప్పుడు సూడుండ్రి." తలా ఒకసారి చేత్తో తూచి చూశారు. ఒకామె "నాకు రెండు కుట్టియ్యమను, ఉన్నయి ఎండిపోయినయ్" అందట! ఆ నవ్వులు నాకు ఫోన్లో వినిపించాయి.

సాయంత్రం ఊరికే సేమియా చేశాను. ఎందుకని ఆయన అడిగాడు. సంతోషమేసి అన్నాను.

జులై 15

చెన్నమ్మ మళ్లీ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

నిన్న అందరూ సంచిని తూచి ఇచ్చేశారు, వాళ్ల గుంపులోనే లక్ష్మమ్మ అని, ఆమె ఒక్కతే ఇవ్వలేదట. వేళ్లతో ఒత్తి ఒత్తి చూసింది. పొద్దుగూకి ఇంటికి నడుస్తున్నప్పుడు చెప్పింది — "నాకు చంక కింద గట్టిగ ఒకటున్నది. నాలుగు నెలలాయె. ఎవ్వరికి చెప్పలే."

"దవాఖాన అంటే రానంటుందక్కా. టైలరక్క కాడికంటే వస్తనన్నది. తోలుకొస్త."

రేపు పదింటికి. సుజాతను సెలవు పెట్టి నా కొట్లోనే కూర్చోమన్నాను. ముందు నేను టేపు పట్టుకుని మాటల్లో పెట్టాలి, తర్వాత సుజాత మెల్లగా దవాఖానకు నడిపించాలి. మోసమే. అయినా చేస్తాను.

లక్ష్మమ్మను నేనెప్పుడూ చూడలేదు. ఆమె కొలతలు నాకు పనికిరాకుండా పోవాలి, దేవుడా.