ఐవలీ సమాధి మీద గడ్డి మొలవనివ్వను

లారెల్ ఫోర్క్ కౌంటీ నేలకోత నివారణ అధికారి గారికి,

అయ్యా,

విషయం: "పర్మిటు లేకుండా నేల కదిలించినందుకు" హెన్స్లీ వారి శ్మశానము పేర నాకు వచ్చిన నోటీసును రద్దు చేయుట, ఎగువ కొండ నుండి దిగుచున్న బురదను ఆపించుట గురించి.

సదరు కౌంటీ నివాసియు, నిరుడు భార్య ఐవలీని పోగొట్టుకున్నవాడును అగు వెర్లిన్ హెన్స్లీ తమకు మొరపెట్టుకొనునది.

1. మా శ్మశానమునకు ఎగువన కొండను తవ్వి వేసవి విడిది ఇళ్లు కట్టుచున్నారు. ఆ కాంట్రాక్టరుకు తమ కార్యాలయము పర్మిటు మంజూరు చేసియున్నది. పర్మిటు ప్రకారము బురదను ఆపవలసిన నల్లగుడ్డ కంచె తొలి వానకే పడిపోయినది. నాటి నుండి కొండ మట్టి అంతయు మా వాళ్ల మీదుగా వాగులోనికి పోవుచున్నది.

2. పై విషయమై ఫిర్యాదు చేయగా తమ ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చెను. కొండ ఎక్కలేదు. గడ్డిపరక లేని మా మట్టి గుట్టలు చూసి ఆగిపోయి, "ఇక్కడేం కడుతున్నారు పెద్దాయనా?" అని అడిగెను. "కట్టడం కాదు బాబూ, మా ఆవిడ" అన్నాను. "ఎవరైతేనేం, మట్టిని ఇలా బోడిగా వదిలేస్తే ఎలా? గడ్డి విత్తనాలు చల్లి, పైన ఎండుగడ్డి పరవండి" అని నోటీసు చేతిలో పెట్టెను.

3. అయ్యా, మా కొండల్లో సమాధుల మీద గడ్డి ఉండనివ్వరు. ఏటా మే నెలలో చుట్టాలందరం చేరి, పారలతో చెక్కి, మట్టి గుట్టగా పోసి, పూలు పెట్టి, అక్కడే కోడివేపుడు తిని వస్తాం. గడ్డి మొలిచిందంటే లోపలి మనిషికి వెనక ఎవరూ లేరని అర్థం. నోటీసు సంగతి విని నా మరదలు మోడీన్ అన్న మాటలు రాయక తప్పదు: "బావా, అక్క బతికుండగా వాకిట్లో గడ్డిపోచ మొలిస్తే ఊరుకునేదా? ఇప్పుడు దాని గుండెల మీద పచ్చిక పెంచుతావా? విత్తనాలు చల్లావో, నీ గొయ్యి మీద గుమ్మడి పాదు పెడతా!"

4. పోనీ పర్మిటే తీసుకుందామని తమ కార్యాలయమునకు పోతిని. కౌంటరులోని అమ్మాయి "పని ఎప్పటికి పూర్తవుతుందండీ?" అని అడిగింది. వాన పడ్డప్పుడల్లా ఐవలీ మీది మట్టి కరిగిపోతోంది. నేను మళ్లీ ఎత్తి పోస్తున్నాను. ఎప్పటికని చెప్పను? కొండను దొర్లించినవాడికి పర్మిటు ఉంది కనుక తప్పు లేదట, నాది మాత్రం నేరమట.

5. ఇప్పుడు ఆమె కాళ్ల వైపు నేల నెర్రె విచ్చింది. ఇంకో గట్టి వాన పడితే పెట్టె బయటపడుతుంది. అయ్యా, ఆమెను ఒకసారి పూడ్చాను. రెండోసారి నా వల్ల కాదు.

కావున తాము దయతలచి కాంట్రాక్టరు పని నిలిపించి, కంచె తిరిగి నిలబెట్టించి, నా నోటీసు కొట్టివేయించి, ఈ ముసలివాని గోడు చిత్తగించవలెను.

తమ విధేయుడు (నేటి వరకు),
వెర్లిన్ హెన్స్లీ

తా.క. సంతకం పెడుతుండగానే చినుకులు మొదలయ్యాయి. ఇది మోడీన్ చేతికిచ్చి పంపుతున్నాను. ఆమె నోటిని క్షమించండి. నేను టార్పాలిన్ తీసుకుని శ్మశానానికి పోతున్నాను. జరిమానా వేస్తే వేసుకోండి, అది తర్వాత చూసుకుందాం. మోడీన్ కారులో చోటుంది సార్, దాంట్లోనే ఎక్కి వచ్చేయండి. టార్పాలిన్ రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేడు.